నా చెవులు పనికిరావా అన్నా, మిక్సింగ్ మానేయనా?

కావలి దగ్గర ఒక ఊరి నుంచి ఒక తమ్ముడు పెద్ద ఉత్తరం రాశాడు. పేరు వద్దన్నాడు కాబట్టి విషయం మాత్రం చెప్తాను. వయసు 26. డిగ్రీ అయ్యాక చెన్నైలో ఒక స్టూడియోలో అసిస్టెంటుగా కొన్నాళ్ళు చేశాడు, వచ్చే జీతం రూము అద్దెకీ తిండికే సరిపోక ఇంటికొచ్చేశాడు. మేడ మీద గది, 10 అడుగుల వెడల్పు 12 అడుగుల పొడవు, పైన స్లాబు కూడా 10 అడుగుల ఎత్తే. అందులో స్పీకర్లు, కంప్యూటరు పెట్టుకుని అయ్యప్ప పాటలు, కోలాటం పాటలు, జానపదాలు మిక్స్ చేస్తున్నాడు, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునీ వాయిద్యాలనీ సౌండు సర్ది ఒక్క పాటగా కలుపుతున్నాడు. స్పీకర్లు, ప్లగిన్లు (కంప్యూటర్లో సౌండు సరిచేసే చిన్న సాఫ్ట్‌వేర్లు) అన్నీ ఈఎంఐ మీద కొన్నవే.

ఇప్పుడు గొడవేందంటే, మేనమామ కొడుకు ఒక జానపదం పాడి, యూట్యూబులో పెట్టుకోవడానికి మిక్స్ చేసి పెట్టమని ఇచ్చాడు. డబ్బుల మాట ఇద్దరూ ఎత్తలేదు. నెలలు గడుస్తున్నాయి, ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ లాస్ట్ అని ఫైళ్ళు పెరుగుతా ఉన్నాయే గానీ పాట అవ్వట్లేదు. ఒకసారి వాయిస్ పెంచమంటాడంట, పెంచితే మ్యూజిక్ తగ్గిపోయింది అంటాడంట, ఆ తర్వాత ఒక సినిమా పాట పంపి దీనంత సౌండు రాలేదేంది బావా అంటాడంట. "గదిలో బాస్ చాలట్లేదని పెంచుతాను అన్నా, అదే వాళ్ళ కారులో పెడితే దబదబ కొడతా ఉంది. రివర్బ్, అదే గొంతుకి వేసే ప్రతిధ్వని, ఇక్కడ సరిపోయినట్టే ఉంటది, ఇయర్‌ఫోన్లో వింటే గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. ఇంకో ప్లగిన్ కొంటే సెట్టవుద్దేమో అని ఆగి ఆగి కొన్నా, అదీ అంతే." వాళ్ళ నాన్న తలుపులేసుకుని కూర్చుంటే ఏమొస్తదిరా, కృష్ణపట్నం పోర్టు వైపు ఏదన్నా ఉద్యోగం చూసుకో అంటున్నాడు. ఉత్తరం చివర్లో ఒక్క లైను, రాత్రి పడుకుంటే చెవుల్లో సన్నగా కుయ్ మని మోగుతా ఉంటదంట. నా చెవులు దీనికి పనికిరావా, మానేయమంటారా అని అడిగాడు.

తమ్ముడూ, నువ్వు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసినదాన్నే నేను ముందు పట్టుకుంటాను. ఆ కుయ్ మనే మోత. నెల్లూరు వెళ్ళి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకో, వినికిడి పరీక్ష చేయించుకో, ఈ వారంలోనే. గులిమి అడ్డం పడినా మోగొచ్చు, ఎక్కువ సౌండు విన్నందుకూ మోగొచ్చు, ఏదనేది డాక్టరు చూసి చెప్పాలి. అప్పటిదాకా హెడ్‌ఫోన్లు పక్కన పెట్టు. అమెరికాలో నియోష్ అని ఉద్యోగుల ఆరోగ్యం చూసే సంస్థ ఒకటుంది, వాళ్ళ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు, అక్కడ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగమైపోద్ది, 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 94 అయితే ఒక్క గంట. నువ్వు అర్ధరాత్రి దాకా ఎంత సౌండులో వింటున్నావో ఫోన్లో మీటరు యాప్ పెట్టి ఒకసారి చూసుకో. అది పక్కాగా చూపించకపోయినా అందాజు తెలుస్తుంది. పాట ఆలస్యమైతే మీ బావ అలుగుతాడు, అంతే. చెవి పోతే మళ్ళీ రాదు.

ఇంక మిక్స్ సంగతి. నువ్వు రాసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. "ఎండలకి తట్టుకోలేక ఫ్యాన్ కిందే టేబుల్ వేసుకున్నా" అన్నావు. ఫ్యాన్ ఎక్కడుంటది, గది నడిమధ్యలో. నీ సమస్య సగం అక్కడే ఉంది. ఎట్టాగంటే, గోడకీ గోడకీ మధ్య సౌండు అటూ ఇటూ కొట్టుకుని కొన్ని ఫ్రీక్వెన్సీలు ఆ గదిలోనే నిలబడిపోతాయి. 12 అడుగుల పొడవుకి అది దాదాపు 47 హెర్ట్జ్, 10 అడుగుల వెడల్పుకి దాదాపు 56. నీ స్లాబు ఎత్తూ 10 అడుగులే కాబట్టి ఆ 56 రెండు వైపుల నుంచీ వచ్చి కూర్చుంటది. ఈ నిలబడిన అలలు గోడల దగ్గర గట్టిగా ఉంటాయి, సరిగ్గా మధ్యలో దాదాపు వినపడవు. నువ్వేమో ఆ మధ్యలోనే కుర్చీ వేసుకుని బాస్ చాలట్లేదు అని పెంచుతున్నావు. చాలకపోవడం పాటలో లేదు, నువ్వు కూర్చున్న చోట ఉంది. అదే పాట కారులోకి పోయేసరికి నువ్వు పెంచిందంతా బయటపడి దబదబ కొడతా ఉంది. నీ చెవులు వాటికి వినపడిందే చెప్పాయి, వాటిని అనుమానించబాక.

కుర్చీ జరుపు. 10 అడుగుల గోడకి ఎదురుగా టేబుల్ వేసి, ఆ గోడ నుంచి నీ తల నాలుగున్నర అడుగుల దూరంలో ఉండేట్టు కూర్చో. పొడవులో 38 శాతం దగ్గర అని స్టూడియో వాళ్ళు మొదలుపెట్టే లెక్క ఇది, అక్కడ్నుంచి అటో అడుగు ఇటో అడుగు జరుపుకుంటూ బాస్ గిటార్ నోట్లన్నీ దాదాపు సమానంగా వినపడే చోటు వెతుక్కో. గుడ్డు అట్టలు అతికించబాక, అవి పైపైన ఉండే కీచుదనాన్ని కొంచెం తగ్గిస్తాయంతే, 50 హెర్ట్జ్‌కి అవి అడ్డమే కాదు. నాలుగు నుంచి ఆరంగుళాల మందం రాక్‌వూల్ (సౌండు పీల్చే రాతి ఉన్ని) తెచ్చి, చెక్క ఫ్రేము కట్టించి, గుడ్డ చుట్టి మూలల్లో నిలబెట్టుకో. ఒక ప్లగిన్ కొనే డబ్బుతో మీ ఊరి కార్పెంటరు కొట్టిస్తాడు. 47 దగ్గర అది కూడా పూర్తిగా సరిచేయదు, కానీ ఇప్పుడున్నదానికీ దానికీ చాలా తేడా ఉంటది.

ఇక రివర్బ్. ఫ్యాన్ తిరుగుతుంటే ఆ హోరులో రివర్బ్ తోక వినపడదు, చాల్లేదని ఇంకాస్త వేస్తావు, ఇయర్‌ఫోన్లో ఫ్యాన్ ఉండదు కాబట్టి వేసిందంతా వినపడి గొంతు బావిలో పడ్డట్టుంటది. నెల్లూరు జిల్లా మే నెలలో ఫ్యాన్ ఆపి పనిచేయమని చెప్పే ధైర్యం నాకు లేదు గానీ, రివర్బ్, డిలే, పాట ఆఖర్లో ఫేడు, ఈ మూడూ చూసేటప్పుడు మాత్రం పది నిమిషాలు ఫ్యాన్ ఆపు. లేదా ఆ పని తెల్లారుజామున పెట్టుకో, చెవి కూడా అప్పుడు తాజాగా ఉంటది.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నా. గది సరిచేసుకున్నా నీ పాట అవ్వదు తమ్ముడూ, ఎందుకంటే ఈ పాటలో ఏది ముందుండాలో నువ్వు ఇంతవరకూ తేల్చుకోలేదు. ఉత్తరం అంతా వెతికా, సౌండులో ఒక్కో భాగాన్నీ పెంచీ తగ్గించే ఈక్యూలో ఎంత కట్ చేసిందీ, గట్టి సౌండుని నొక్కి పట్టే కంప్రెసర్ రేషియో ఎంత పెట్టిందీ, ఏ ప్లగిన్ వాడిందీ అన్నీ రాశావు. పాట దేని గురించో ఒక్క ముక్క రాయలేదు. జానపదం అంటే వినేవాడికి ముందు మాట అర్థమవ్వాలి, ఆ వెనకే డప్పు కాలు కదిలించాలి. మిగతా కీబోర్డు ప్యాడ్లు, వేణువు, బాస్ గిటార్ ఇవన్నీ ఆ రెండింటికీ దారి ఇవ్వాల్సినవి. ఇంత తేల్చుకుంటే "వాయిస్ పెంచు, మ్యూజిక్ పెంచు" అనే గొడవకి నీ దగ్గర సమాధానం ఉంటది. అది తేలనంతకాలం ఎవరు ఏమంటే అటు ఫేడర్ (సౌండు పెంచీ తగ్గించే మీట) తోస్తావు, అన్నీ పెంచితే ఏదీ పెరగదు, ఆ సంగతి నీకూ తెలుసు.

ఒక పని చెయ్. సెషన్ కాపీ తీసుకుని, అందులో ప్లగిన్లన్నీ ఆపేసి ఫేడర్లన్నీ కిందికి దించు. మాస్టర్ మోనోలో పెట్టు, అంటే ఎడమ స్పీకర్లోనూ కుడి స్పీకర్లోనూ ఒకే సౌండు వచ్చేట్టు. మోనో ఎందుకంటే ఎడమ కుడి తోసేసి దాచుకున్న గొడవలన్నీ అక్కడ దొరికిపోతాయి, పైగా ఊళ్ళలో ఈ పాట మోగేది ఎక్కువగా ఫోను స్పీకర్లోనూ, గుడి మైకులోనూ, ట్రాక్టరు బాక్సులోనూ, వాటిల్లో స్టీరియో అనేది పేరుకే. ముందు గొంతు ఒక్కటే పైకి తీసుకో. మెల్లగా మాట్లాడుకునే సౌండు కంటే కాస్త పైన ఉంటే చాలు. తర్వాత డప్పు తీసుకురా, ఏ అక్షరమూ మునగకుండా ఎక్కడిదాకా వస్తదో అక్కడ ఆపు. తర్వాత బాస్. ఆ తర్వాత మిగిలిన ఒక్కొక్కటీ తెచ్చేటప్పుడు ఇది లేకపోతే పాటకి ఏం లోటు అని అడుగు, లోటు లేకపోతే మ్యూట్ కొట్టు. ఇదంతా ఒక గంటలో అయిపోవాలి. ఆ గంటలో వచ్చిన బ్యాలెన్సు నీ మిక్స్‌లో చాలా భాగం. ఈక్యూ, కంప్రెసరు ఆ బ్యాలెన్సు చెడిపోయే చోట్లకి మాత్రమే కావాలి.

డప్పు దెబ్బలో ఠప్ మనే భాగం, గొంతులో చ, ట లాంటి హల్లులు పలికే భాగం రెండూ 2 వేల నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్యలోనే ఎక్కువ కొట్టుకుంటాయి. గొంతు అర్థం కాలేదని గొంతు మొత్తం పెంచే బదులు, గొంతు పలికే చోట డప్పుని అక్కడ ఒకట్రెండు డీబీలు తగ్గించి చూడు. ఇంకోటి, పల్లె పాటలో గాయకుడు లైను మొదట్లో గట్టిగా అందుకుని చివరి మాట మింగేస్తాడు. దానికి కంప్రెసర్ గట్టిగా నొక్కితే ఊపిరి సౌండు పైకొచ్చి గొంతు ఆయాసపడినట్టుంటది. ఆ చివరి మాటల దగ్గర ఫేడర్ చేత్తో పైకి జరుపు, ఒక్కో మాటా. విసుగు పుట్టే పనే, కానీ మాట అర్థమయ్యేది దాంతోనే. బాస్ గిటార్ ఫోన్లో వినపడట్లేదని 60 హెర్ట్జ్ పెంచినా లాభం లేదు, మామూలు ఫోను స్పీకరు ఆ కింద సౌండు ఇవ్వదు. కాస్త శాచురేషన్ (సౌండుని కొంచెం గరుకు చేసే ప్లగిన్) వేసి పైన హార్మోనిక్స్, అంటే ఆ నోటుకి రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీలు, పుట్టిస్తే, కింది నోటు లేకపోయినా మెదడు ఉన్నట్టే వింటది.

ఇవన్నీ చేసినా డప్పు రికార్డింగే చీలిపోయి ఉంటే మాత్రం దాంతో కుస్తీ పట్టబాక. డప్పు కాచుకుని వచ్చి ఒక పూట మళ్ళీ వాయించమను. మన నెల్లూరు బాలు గారు సినిమాకి మొదటిసారి పాడిన 1966 నాటికి, చెన్నైలో పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అందరూ కలిసి ఒకేసారి రికార్డు చేసేవాళ్ళు. ఎవరు మైకుకి ఎంత దూరంలో నిలబడాలి, ఎవరు ఎక్కడ తగ్గి వాయించాలి అనేదే అప్పటి మిక్సింగు. తర్వాత సరిచేద్దాంలే అనే వీలు లేదు కాబట్టి ముందే తేల్చుకునేవాళ్ళు. నీకు ట్రాకులకి లెక్కలేదు, అన్‌డూకి లెక్కలేదు. తేల్చుకోవడం మాత్రం వాళ్ళలాగే ముందే తేల్చుకోవాలి.

"సినిమా పాటంత సౌండు లేదు" అన్నదానికి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు, సౌండు తక్కువగా ఉంటే మన చెవికి బాసు, ట్రెబులు బాగా తగ్గి వినపడతాయి, పెంచేకొద్దీ నిండుగా వినపడతాయి. అందుకే రెండు పాటల్లో కాస్త గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తది, ఒక్క డీబీ తేడా ఉన్నా సరే. నువ్వు కొన్న ప్లగిన్ ఆన్ చేయగానే బాగుందనిపించడం కూడా చాలాసార్లు అది లోపల లెవల్ పెంచడం వల్లే. మాస్టరింగ్ (చివర్లో పాట మొత్తాన్నీ సర్ది సౌండు పెంచడం) అయిపోయిన సినిమా పాటని నీ సెషన్‌లోకి తెచ్చి, ఫేడర్ 8, 10 డీబీలు దించి, రెండూ ఒకే లెవల్లో వినిపించేట్టు చేసి అప్పుడు పోల్చుకో. అట్టా పోల్చితే నీ పాట నువ్వు అనుకున్నంత దూరంలో లేదని తెలుస్తది, నిజంగా ఎక్కడ తక్కువుందో కూడా తెలుస్తది. లిమిటర్‌తో నొక్కి నొక్కి మైనస్ 7 లఫ్స్ (పాట మొత్తం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టిగా ఉన్నట్టు) దాకా తీసుకెళ్ళినా యూట్యూబు దాన్ని దాదాపు మైనస్ 14కి దించేస్తది, అప్పుడు సౌండూ మిగలదు, డప్పు దెబ్బలోని బలమూ మిగలదు. మైనస్ 12, 11 దగ్గర ఆపు. బావకి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్ళేట్టు డాక్యుమెంటుగా పంపు.

స్పీకర్లు మారిస్తే బాగుపడద్దేమో అని కూడా అడిగావు. మార్చబాక. 1978లో యమహా వాళ్ళు ఎన్ఎస్ 10 అని ఇంట్లో పాటలు వినేవాళ్ళ కోసం తెచ్చారు, ఇళ్ళలో దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు, బాసూ పెద్దగా ఉండదు, కానీ లోకంలో పెద్ద పెద్ద స్టూడియోలు చాలా దాని మీదే మిక్స్ చేశాయి. గొంతు ఉండే మధ్య భాగంలో తప్పులు దాయకుండా చూపిస్తదని, దాన్ని బాగా అలవాటు చేసుకున్నారని. నీ దగ్గర ఉన్నవాటిల్లో నీకు నచ్చిన పాటలు రోజూ వినడం అలవాటు చేసుకో, మంచి పాట ఆ స్పీకర్లో ఎట్టా వినపడుతుందో తెలిశాక నీ పాట ఎట్టా వినపడాలో తెలుస్తది. ఈఎంఐలు అయిపోయేదాకా కొత్తది ఒక్కటీ కొనను అని రాసి గోడకి పెట్టుకో.

ఇప్పుడు మీ బావ. ఇక్కడ నీకు మూడు దార్లు కనపడుతున్నాయి. ఒకటి, ఇది నేను నీకు ఇస్తున్న కానుక బావా, ఇంకో రెండుసార్లు మార్పులు చేస్తాను, ఫలానా తేదీకి ఇచ్చేస్తాను అని నోటితో చెప్పడం. అట్టా చెప్తే మొహం కాస్త మాడ్చుకోవచ్చు, కానీ పాట పూర్తవుద్ది, మీ అమ్మ పుట్టింటి వాళ్ళతో మాట పోదు. రెండు, డబ్బు అడగడం. ఇన్ని నెలల తర్వాత ఇప్పుడు అడిగితే ఆ ఇంట్లో ఏదో శుభకార్యంలో ఆ మాట నీ ముందుకే వస్తది, తర్వాతి పాట నుంచి అడిగితే ఎవరూ తప్పుపట్టరు. మూడు, ట్రాకులన్నీ ఎగుమతి చేసి ఇచ్చి వేరేవాళ్ళతో చేయించుకోమనడం. తేలికైనదే, కానీ నీలో ఉన్న భయం అట్టాగే ఉండిపోతది, నెక్స్ట్ పాటకి మళ్ళీ ఇదే. నేనైతే మొదటిదానికే మొగ్గుతాను. ఏ దారి పట్టినా మార్పులు ఫోన్లో చెప్పించుకోబాక, పాటలో ఎన్నో నిమిషం ఎన్నో సెకనులో ఏం కావాలో రాసి ఒకేసారి పంపమను, ఒక్క మనిషే పంపాలి. అతని ఫ్రెండ్సు, వీడియో తీసినతను, డీజే అతను తలా ఒకటి చెప్తే అది ఎవరి పాటా కాకుండా పోద్ది. బయట కస్టమర్లకైతే సగం డబ్బు ముందు, రెండు మార్పులు ధరలోనే, మూడోదానికి ఇంత అని మొదట్లోనే మెసేజ్ పెట్టు. అయ్యప్ప సీజన్లో నీ దగ్గరికి వచ్చేవాళ్ళకి మాల వేసే నాటికి పాట చేతిలో ఉండటం ముఖ్యం, నీ రివర్బ్ ఎంత పర్ఫెక్టుగా ఉందో వాళ్ళు అడగరు.

నాన్న మాట. ఆయన పాటల్ని తిట్టట్లేదు తమ్ముడూ, కొడుకు నెలాఖరుకి ఏం తెస్తున్నాడో కనపడక భయపడుతున్నాడు. ఉద్యోగంలో చేరి రాత్రుళ్ళు, ఆదివారాలు మిక్స్ చేసుకుంటే ఈఎంఐ భయం పోతది, భయం లేకుండా చేసే మిక్స్ త్వరగా తెగుద్ది, కానీ పాటలు తక్కువ చేస్తావు, అలసిపోయిన చెవితో చేయాల్సొస్తది, అట్టాంటి రోజున అసలు చేయకూడదు. చెన్నై మళ్ళీ వెళ్తే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వినడం నేర్చుకుంటావు, అది డబ్బు పెట్టి కొనలేనిది, కానీ జీతం ముందులాగే ఉంటది, ఈఎంఐ ఉండగా అది కుదరదు. ఇక్కడే ఉండి మిక్సింగుకి తోడు లైవ్ సౌండ్ పట్టుకోవడం ఇంకో దారి. తిరునాళ్ళు, పెళ్ళిళ్ళు, ఆర్కెస్ట్రాలు మన జిల్లాలో ఏడాదంతా ఏదో ఒకటి ఉంటానే ఉంటాయి. అక్కడ పాట మొదలయ్యాక రెండు నిమిషాల్లో బ్యాలెన్సు తేవాలి, వెనక్కి వెళ్ళే వీలుండదు. నీకున్న ఈ తేల్చుకోలేని జబ్బుకి అది మంచి మందని నా నమ్మకం. డబ్బు కూడా అదే రోజు చేతికొస్తది. కాకపోతే ఆ బాక్సుల దగ్గర సౌండు చాలా ఎక్కువ, చెవుల్లో మోత ఉన్నవాడివి, డాక్టరు సరేనన్నాకే, అదీ ఇయర్‌ప్లగ్గులు పెట్టుకునే. ఉద్యోగమైనా, లైవ్ సౌండైనా సరే, ఆరు నెలలు చేసి చూస్తాను నాన్నా, నెలనెలా ఇంత ఇంట్లో ఇస్తాను అని అంకె చెప్పి మాట్లాడు. అంకె వింటే ఆయన మాట్లాడే తీరు మారుద్ది.

మానేయమంటారా అన్నావు. కారులో ఒకలాగా, ఇయర్‌ఫోన్లో ఒకలాగా ఉందని నువ్వే కనిపెట్టావు, ఎక్కడ ఏం తేడా ఉందో మాటల్లో సరిగ్గా రాయగలిగావు. చెవి పనికిరానివాడు అది రాయలేడు. మానేయాలో వద్దో ఇంకో ఆరు నెలల తర్వాత, కుర్చీ జరిపాక, ఓ నాలుగు పాటలు చెప్పిన తేదీకి ఇచ్చాక ఆలోచించు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక ఏమన్నారో నాకు రాయి. దాంతోపాటు ఇంకోటి చెయ్, మీ బావ పాట నువ్వు మొట్టమొదట చేసిన ఫైలు, నిన్న చేసిన ఫైలు రెండూ ఒకే లెవల్లో పెట్టి, ఏది ఏదో చెప్పకుండా మీ అమ్మకి వినిపించు. పాటలో మాటలు ఏ ఫైల్లో బాగా అర్థమయ్యాయని అడిగి, ఆమె ఏది చెప్పిందో అది కూడా రాయి.